పిల్లల్ని ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం, చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్

షారోను_ప్లేనో:
అందరికీ వందనాలండి. మేము డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం, మావారు సాఫ్ట్‌వేర్, నేను హెచ్4 (ఆయన వర్క్ వీసా మీద వచ్చిన భార్య వీసా) మీద ఇంట్లోనే. బాబు సెకండ్ గ్రేడ్, పాప ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్లాలి. ఇద్దర్నీ హోమ్‌స్కూల్ చేద్దామని చాలా కాలంగా ప్రార్థనలో పెట్టాం, ఇక తేల్చుకోవాల్సిన టైం వచ్చేసింది.

స్కూల్ చెడ్డదని కాదు, టీచర్ చాలా మంచావిడ. కానీ వాడు పొద్దున్నే లేచి వెళ్లి సాయంత్రం వచ్చి హోంవర్కు, స్విమ్మింగు, స్నానం అయ్యేసరికి కుటుంబ ప్రార్థనలో కూర్చుని కూర్చునే జోగుతున్నాడు. ద్వితీయోపదేశకాండం 6లో ఇంట్లో కూర్చున్నా దారిలో నడుస్తున్నా పడుకున్నా లేచినా పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమనే కదా ఉంది, మాకు వాడితో మాట్లాడే టైమే దొరకట్లేదు, ఆదివారం సండే స్కూల్ గంటే దిక్కు అయిపోయింది. రెండోది తెలుగు. అర్థం చేసుకుంటాడు గానీ అమ్మమ్మకి ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్తాడు, తెలుగు బైబిల్ చేతికిస్తే ఒక్క అక్షరం రాదు.

మా భయాలు కూడా చెప్తా. మా గ్రీన్ కార్డు క్యూ సంగతి మీకు తెలిసిందే, రేపు ఇండియా వెళ్లిపోవాల్సొస్తే అక్కడ స్కూల్లో తీసుకుంటారా? హెచ్4 వాళ్లు ఇది చేయొచ్చా? కరికులం ఏది కొనాలి, చూస్తే బుర్ర తిరిగిపోతోంది. మా అత్తగారైతే "బడి మానిపిస్తారా" అని ఫోన్లో ఏడ్చారు, ఆవిడకి ఏం చెప్పాలో అర్థం కావట్లేదు.

మేరీ_హ్యూస్టన్:
వందనాలు సిస్టర్. మాకు ముగ్గురు, పెద్దమ్మాయి ఇప్పుడు సెవెంత్, మొదటినుంచీ ఇంట్లోనే చదువు.

ముందు చట్టం సంగతి. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేట్ స్కూల్ కిందే లెక్కేస్తారు, లీపర్ వర్సెస్ ఆర్లింగ్టన్ కేసులో 1987లో కింది కోర్టు చెప్పింది, 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. రిజిస్ట్రేషన్ లేదు, స్టేట్ టెస్టు లేదు, మీకు టీచింగ్ డిగ్రీ ఉండక్కర్లేదు. రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండడం, ఈ 5 నేర్పాలి, పుస్తకమో వర్క్‌బుక్కో స్క్రీనో కంటికి కనబడే కరికులం ఉండాలి, పేరుకి కాకుండా నిజంగా చదివించాలి, అంతే. బాబు ఆల్రెడీ పబ్లిక్ స్కూల్లో ఉన్నాడు కాబట్టి ఊరికే పంపడం మానేయకండి, ఫలానా తేదీ నుంచి హోమ్‌స్కూల్ చేస్తున్నాం అని స్కూల్‌కి మెయిల్ పెట్టి కాపీ దాచుకోండి, లేకపోతే ఆబ్సెంట్లు పడి నోటీసులొస్తాయి. పాపని ఇంకా ఎక్కడా చేర్చలేదు కాబట్టి ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు. ఆ 5లో సైన్సు లేదు కదా అని వదిలేసినవాళ్లని చూశాను, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు, చట్టం అడగకపోయినా రేపు పిల్లలు అడుగుతారు.

హెచ్4 మీద మీ పిల్లలకి మీరు చెప్పుకోవడం ఉద్యోగం కాదు, నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ కో-ఆప్‌లో (హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి క్లాసులు పెట్టుకునే గ్రూపు) వేరేవాళ్ల పిల్లలకి డబ్బు తీసుకుని క్లాసు చెప్తే అది పని కిందకొస్తుంది, ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, లేకుండా కుదరదు. మన సిస్టర్లు చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు, జాగ్రత్త.

కరికులం అంటారా, మన అమ్మలందరికీ మొదట అబెకా నచ్చుతుంది, ఎందుకంటే అది మనం చదివిన బడిలాగే ఉంటుంది, డ్రిల్లు, వర్క్‌షీట్లు, టెస్టులు. సోన్‌లైట్ అయితే మంచి మంచి కథల పుస్తకాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించే పద్ధతి. ఏసీఈ అని ఇంకోటుంది, 1970లో మన టెక్సాస్‌లోనే మొదలైంది, పేస్ అని సన్న సన్న పుస్తకాలు ఇస్తారు, పిల్లలు వాళ్లంతట వాళ్లే చేసుకుంటూ పోతారు, కానీ రెండో తరగతి వాడిని అలా వదిలేస్తే మీరు ఏ టైం కోసం ఇదంతా చేస్తున్నారో ఆ టైమే పోతుంది. నా మాట విని మొదటి ఏడాది ఒకే కంపెనీ బాక్సు మొత్తం కొనేయకండి. మేం లెక్కలకి సింగపూర్ మ్యాథ్, చదవడానికి ఆల్ అబౌట్ రీడింగ్, బైబిల్‌కి బైబిలే.

తెలుగు మాత్రం నేనే తయారుచేసుకున్నా. ఆల్ అబౌట్ రీడింగ్‌లో మాగ్నెట్ అక్షరాలు వైట్‌బోర్డు మీద జరుపుతూ చదివిస్తారు కదా, అది చూసి అట్టముక్కల మీద క, మ, ల రాసి, గుడి, కొమ్ము, ఏత్వం విడిగా కత్తిరించి వెనకాల మాగ్నెట్ అంటించా. మా చిన్నోడు "క"కి గుడి పెట్టి "కి" అంటాడు, గుడి తీసి కొమ్ము పెట్టి "కు" అంటాడు, కుక్కర్ మూడు కూతలేసేలోపు ఒక గుణింతం అయిపోతుంది. ఇప్పుడు కీర్తనలు గ్రంథం వేలు పెట్టుకుని చదువుతున్నాడు, ఒత్తుల దగ్గర ఇంకా ఆగుతాడు.

ఈ వయసుకి రోజుకి రెండు మూడు గంటలు కూర్చుంటే చాలు. కష్టం చదువులో కాదు, ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, మీకు ఒంటరిగా అరగంట దొరకదు. బ్రదర్ వారానికి రెండు సాయంత్రాలైనా లెక్కలో సైన్సో పట్టుకోవాలి, ఆయన ఒప్పుకున్నాకే స్కూల్‌కి మెయిల్ పెట్టండి.

మాస్టారు_గుంటూరు:
అమ్మా షారోను, నేను రిటైర్డ్ టీచర్ని, మిషన్ బడిలో చదివి మిషన్ బడిలోనే పాఠం చెప్పినవాణ్ణి. మీ అత్తగారు ఎందుకు ఏడ్చారో నాకు అర్థమవుతుంది, ఆమె తరఫున నాలుగు మాటలు రాస్తాను, ఏమనుకోవద్దు.

మిషనరీ హెయర్ దొరగారు గుంటూరు వచ్చింది 1842లో, బందరులో మిషనరీ నోబుల్ గారి బడి 1843లో, మా ఊళ్లో ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ 1885లో. మన తాత ముత్తాతల్లో ఎక్కువమందిని ఊరి బడి గడప తొక్కనివ్వలేదమ్మా. పల్లెలో ఒక పాక వేసి, పొద్దున పలక పట్టించి, రాత్రి లాంతరు పెట్టి వాక్యం చెప్పిన ఉపదేశి గారి దగ్గరే మన అక్షరం మొదలైంది. అందుకే మన పెద్దవాళ్ల చెవికి "బడి మానిపిస్తున్నాం" అనే మాట అంత కష్టంగా ఉంటుంది, అది చాదస్తం కాదు. ఆవిడతో బడి మానిపిస్తున్నాం అని కాక, ఇంట్లో బడి పెడుతున్నాం అని చెప్పండి, రోజూ ఏం చదివిస్తారో వీడియో కాల్‌లో చూపించండి.

ఇంకో మాట. దానియేలు బబులోనులో కల్దీయుల చదువే చదివాడు, అయినా మోకాళ్ల మీద ప్రార్థన మానలేదు. తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి దగ్గర, తల్లి యునీకే దగ్గర వచ్చింది. కాబట్టి బడికి పంపినవాళ్లు విశ్వాసం తక్కువవాళ్లని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీ కొడుకు అలిసిపోవడమే సమస్య అయితే ముందు ఆ స్విమ్మింగు మానిపించి, ప్రార్థన పొద్దున్నకి మార్చి చూడమ్మా. అప్పటికీ నీ మనసు ఇంటి బడి మీదే ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టు, నేను ప్రార్థన చేస్తాను.

జాన్_సికింద్రాబాద్:
సిస్టర్, ఇండియా ప్రశ్నకి నేను చెప్తాను, మా ఇద్దర్నీ ఇక్కడే ఇంట్లో చదివిస్తున్నాం. ఇక్కడ హోమ్‌స్కూలింగ్‌ని నేరం అనే చట్టం లేదు, అలాగని అమెరికాలోలా ఫలానా పద్ధతిలో చేసుకోండి అని రాసిన చట్టమూ లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి బడి సీటు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, దాని ప్రకారం వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాలి. ప్రైవేట్ స్కూళ్లయితే ఒక చిన్న టెస్టు పెట్టి తీసుకుంటాయి, అందుకే ఏడాదికో ఫైలు పెట్టుకోండి, ఏ పుస్తకాలు చదివారు, రాసిన నోట్సు, అక్కడ ఏదైనా టెస్టు రాయిస్తే ఆ స్కోరు.

అసలు జాగ్రత్త పడాల్సింది తొమ్మిదో తరగతి దగ్గర. సీబీఎస్ఈలో నైన్త్‌లోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, కాబట్టి తిరిగొచ్చేటట్టయితే ఎయిత్ లోపే రండి. అది దాటిపోతే ఎన్ఐఓఎస్ అని కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఉంది, 14 ఏళ్లు నిండితే టెన్త్‌కి కట్టొచ్చు, 5 సబ్జెక్టులు, తెలుగు మీడియం కూడా ఉంది, ఏడాదికి రెండు సార్లు పరీక్షలు. ఓపెన్ వాళ్లు నీట్ రాయకూడదని 2018లో రూలు తెచ్చి చాలామందిని ఏడిపించారు, ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఇప్పుడు ఆ భయం లేదు.

ఇంకోటి, బ్రదర్‌కి కంపెనీలో యూరప్ ట్రాన్స్‌ఫర్ వచ్చే ఛాన్సుంటే ముందే చూసుకోండి. జర్మనీలో ఇంటి చదువు కుదరదు, రోమైకే అని ఒక క్రైస్తవ కుటుంబం దీనికోసమే 2008లో అక్కణ్ణుంచి టెనెసీ వచ్చేశారు. స్వీడన్‌లో కూడా దాదాపు అంతే.

జోయెల్_పిట్స్‌బర్గ్:
ఆంటీ నమస్తే, తెలుగు తప్పులుంటే సారీ. ఇక్కడ అందరూ పేరెంట్స్ మాట్లాడుతున్నారు, నేను హోమ్‌స్కూల్లో పెరిగినవాణ్ణి, ఎయిత్ గ్రేడ్ వరకు. పెన్సిల్వేనియాలో మీ దగ్గరలా ఫ్రీ కాదు, అమ్మ ప్రతి ఏడాది అఫిడవిట్ ఇచ్చేది, 180 రోజుల లాగ్ రాసేది, 3, 5, 8 గ్రేడ్స్‌లో టెస్టు, జూన్‌లో ఇవాల్యుయేటర్ ఆంటీ వచ్చి పోర్ట్‌ఫోలియో మొత్తం తిరగేసి నాతో కూర్చుని మాట్లాడేవారు. అమ్మకి అదంతా పెద్ద పనే, కానీ నాకు చాలా ఇష్టం, మా ఇంటి బయట ఒక పెద్దమనిషి నేను రాసింది చదివి "ఇది బావుంది, ఇది ఇంకా రావాలి" అని చెప్పేది ఆవిడ ఒక్కరే. టెక్సాస్‌లో ఎవరూ అడగరు కాబట్టి మీరే ఒకర్ని పెట్టుకోండి ప్లీజ్.

మంచి చెప్పాలంటే నాకు నాన్నతో పొద్దున బైబిల్ టైం ఉండేది, ఏ డౌటైనా అడగనిచ్చేవారు, ఇప్పటికీ నా విశ్వాసం నిలబడ్డది అందుకే. సైన్స్ మాత్రం అమ్మ క్రిస్టియన్ పుస్తకంతో పాటు మామూలు స్కూల్ బయాలజీ పుస్తకం కూడా చదివించింది, ఎవల్యూషన్ గురించి సైంటిస్టులు ఏం చెప్తారో వాళ్ల మాటల్లోనే నేర్చుకున్నా. మా కో-ఆప్‌లో కొంతమందికి అది కాలేజీలోనే మొదటిసారి తెలిసింది, వాళ్లకి చాలా కష్టమైంది, కొంతమంది చర్చికే రావడం మానేశారు.

కష్టం ఏంటంటే కో-ఆప్‌లో నేనొక్కడినే ఇండియన్. మంచి పిల్లలే, కానీ మా ఇంటి సంగతులు ఎవరికీ తెలియవు. మీ బాబుకి తెలుగు ఫ్రెండ్స్, మన చర్చి కానివాళ్లు కూడా, వారంలో రెండు మూడు సార్లైనా కలిసేటట్టు చూడండి. ఇంకా వాణ్ణి కూడా అడగండి ఆంటీ, సెకండ్ గ్రేడ్ అంటే వాడికీ ఒక మాట ఉంటుంది.

షారోను_ప్లేనో:
అందరికీ చాలా థాంక్సండి, మావారు నేను రాత్రి కూర్చుని అన్నీ రెండుసార్లు చదివాం. మాస్టారు గారూ, మీ మాట చదివి మావారు వాళ్ల అమ్మగారికి వెంటనే ఫోన్ చేశారు, ఆవిడ "రోజూ ఒక గంట తెలుగు నేనే చెప్తాను వీడియోలో" అన్నారు, మేం అసలు ఊహించలేదు.

జోయెల్ బాబూ, నువ్వు చెప్పినట్టే వాణ్ణి అడిగాం. వాడు ఈ ఏడాది స్కూల్ పూర్తి చేస్తా, ఫ్రెండ్ బర్త్‌డే మేలో ఉంది అన్నాడు. సరే, మే దాకా స్కూల్, స్విమ్మింగ్ వారానికి ఒక్కరోజుకి తగ్గించాం, పాపకి ఆగస్టు నుంచి ఇంట్లోనే, వాడి సంగతి సమ్మర్‌లో మళ్లీ ప్రార్థించి తేలుస్తాం. మేరీ సిస్టర్, ఆ అట్టముక్కల అక్షరాలు ఎంత సైజులో కత్తిరించారో, ఒత్తులు ఎలా చేశారో ఒక్కసారి రాస్తారా? పాపకి ఇప్పట్నుంచే మొదలుపెడతాను.

మేరీ_హ్యూస్టన్:
అక్షరాలు రెండంగుళాలు, గుణింతం గుర్తులు అంగుళం చాలు సిస్టర్. ఒత్తులు వేరే రంగు అట్ట మీద చేయండి, అక్షరం కింద పెట్టేటట్టు చిన్నవిగా. తలకట్టు మాత్రం విడిగా కత్తిరించకండి, చిన్నపిల్లలకి గందరగోళం అయిపోతుంది, అక్షరంతో పాటే ఉంచేయండి. అత్తయ్యగారికి కూడా ఒక సెట్టు చేయించి పంపండి, ఫోన్లో ఇద్దరి దగ్గరా ఒకే అక్షరాలుంటే చెప్పడం తేలిక.