మాటలు మార్చి రాస్తే కాపీ కాదా?

అమలాపురం, పీజీ రెండో ఏడాది: గోదావరి డెల్టా కాలువల మీద పీజీ డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాస్తున్నానండి. పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో దొరికిన ఒక సిద్ధాంత గ్రంథంలోని రెండు పేజీల విషయాన్ని పూర్తిగా నా మాటల్లోకి మార్చాను. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక 6 శాతమే వచ్చింది. అయినా ఆ గ్రంథం పేరు రాయాలంటోంది మా అక్క. రాస్తే మొత్తం అక్కడి నుంచే ఎత్తేశాననుకుంటారేమోనని టెన్షన్.

భీమవరం: టెన్షన్ ఎందుకు తమ్ముడూ? యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే 6 నెలల్లో సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు. అయినా కాలువల చరిత్ర ఎవరి సొంతం? అందరికీ తెలిసిందే కదా.

ధవళేశ్వరం: శాతాల లెక్క మీరు చెప్పిందే అన్నగారూ. కానీ ఇంకొకరి పనిని గానీ ఆలోచనను గానీ తనదిగా చూపించుకోవడమే గ్రంథచౌర్యం అని అవే నిబంధనల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటల్ని. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని రాయడానికి ఎవరి పేరూ అక్కర్లేదు, మా బడిపిల్లలు కూడా చెబుతారు. కాలువ చివరి ఊళ్లకు నీళ్లెందుకు అందడం లేదో ఒకాయన గట్ల వెంట తిరిగి తేలిస్తే అది ఆయన కష్టం. మన మాటల్లో రాసినా ఆయన పేరు ఉండాల్సిందే.

ఆధారం రాయకపోతే ఏమవుతుందో చెబుతాను. మా బ్యాచ్‌లో నలుగురి ప్రాజెక్టుల్లో "కాటన్ దొర 1852లో కట్టిన బ్యారేజీ" అని ఉంది. దొర కట్టించింది ఆనకట్ట. ఇప్పుడు మనం బండి మీద దాటే బ్యారేజీ స్వాతంత్ర్యం వచ్చాక కట్టింది, దానికి ఆయన పేరు పెట్టారు. ఆ తప్పు ఎక్కడ మొదలైందో చూద్దామంటే ఒక్కరూ ఆధారం రాయలేదు. వైవాలో అడిగితే తల దించుకుని నిలబడ్డాం. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

భీమవరం: అది ఒప్పుకుంటాను. కానీ వాక్యానికో పేరు పెడితే చదవలేం.

ధవళేశ్వరం: వాక్యానికి అక్కర్లేదండి. అక్కడి నుంచి తీసుకున్న ప్రతి పేరాలో రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు ఉంటే చాలు. ఉన్నదున్నట్టు దించిన మాటలైతే కొటేషన్లలో పెట్టాలి. ఆధారం ఇచ్చిన కొటేషన్లను పోలిక లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి తమ్ముడికి ఆ భయమూ వద్దు.

అమలాపురం: లాకుల దగ్గర లస్కరుగారు (కాలువ షట్టర్లు చూసే ఉద్యోగి) చెప్పిన సంగతులు కూడా రాశానండి. అది పుస్తకం కాదు కదా, దానికీ ఆధారం చూపాలా?

ధవళేశ్వరం: చూపాలి తమ్ముడూ. ముందు ఆయన్నే అడుగు. ఒప్పుకుంటే పేరు, ఊరు, మాట్లాడిన తేదీ రాయి. వద్దంటే "ఒక లస్కరు" అని రాసి తేదీ వెయ్యి. ఆ షట్టర్లు ఎత్తి దించేది ఆయన, నువ్వు కాదు.