బంగారం షాపులో ఉద్యోగం, మణికట్టు మీద టాటూ. రోజూ ప్లాస్టర్ వేసుకోమంటున్నారు, ఏం చేయాలి?

గాజుల కౌంటర్, బెజవాడ

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక పెద్ద బంగారం షోరూంలో రెండేళ్ల నుంచి సేల్స్‌లో ఉన్నాను, గాజుల కౌంటర్. ఎడమ చెయ్యి మణికట్టు లోపలివైపు రెండంగుళాల టాటూ ఉంది. మా నాన్న సంతకం. నాన్న లారీ నడిపేవారు, పెద్దగా చదువుకోలేదు, సంతకం వరకు నేర్చుకున్నారు. పోయాక నా టెన్త్ ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన పెట్టిన సంతకాన్ని ఫొటో తీసి ఉన్నదున్నట్టు వేయించుకున్నాను, చివరి అక్షరం గీత దాటి పైకి లేచిపోతుంది, అది కూడా అలాగే ఉంచమన్నాను.

ఉద్యోగంలో చేరేటప్పటికే ఇది ఉంది. ఇంటర్వ్యూలో చూశారు, ఏమీ అనలేదు. రెండు నెలల కింద కొత్త ఫ్లోర్ మేనేజర్ వచ్చారు. గాజులు మేము చేతికి వేసుకుని చూపించాలి కదా, అప్పుడు టాటూ పైకి కనపడుతోంది, కస్టమర్ చూపు గాజు మీద నుంచి దాని మీదకి పోతోంది అంటారు. వాచీ పెట్టుకుందామంటే కౌంటర్‌లో వాచీ, సొంత గాజులు నిషేధం, ఒంటి మీద ఏం బంగారం ఉందో పొద్దున్నే రిజిస్టర్‌లో రాసి లోపలికెళ్లాలి మేము. చివరికి చర్మం రంగు ప్లాస్టర్ వేసుకోమన్నారు.

వేసుకుంటున్నాను. ఏసీ ఉన్నా పది గంటలు నిలబడేసరికి దాని కింద చెమట పట్టి దురద, ఎర్రగా దద్దుర్లు. పైగా ప్రతి మూడో కస్టమర్ "అయ్యో చేతికేమైందమ్మా, నూనె పడిందా" అని అడుగుతున్నారు. టాటూ ఉన్నప్పుడు ఒక్కరూ అడగలేదు!

నా బాధ ఇంకొకటి. పక్క కౌంటర్ అబ్బాయికి ముంజేతి నిండా వెంకన్న నామాలు ఉన్నాయి, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. కార్తీకంలో మాల వేసుకున్నవాళ్లు గడ్డంతో, చెప్పుల్లేకుండా కౌంటర్‌లో నిలబడతారు, దానికీ ఒప్పుకుంటారు, ఒప్పుకోవాలి కూడా. నాన్న సంతకమే ఎందుకు తప్పయింది? మొన్న "లేజర్ చేయించుకో, లేదా వేరే చోటు చూసుకో" అని నవ్వుతూనే అన్నారు. అది నవ్వులాటో కాదో తెలీక టెన్షన్‌గా ఉంది. ఇలా ఉద్యోగంలోంచి తీసేయొచ్చా?

పద్నాలుగేళ్ల హెచ్ఆర్

చెల్లెమ్మా, ముందు చేదు మాట చెప్పేస్తాను. టాటూ ఉన్నందుకు ఉద్యోగంలో తేడా చూపించకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని సమానత్వం ప్రభుత్వ ఉద్యోగం దగ్గర గట్టిగా పనిచేస్తుంది, ప్రైవేటు షాపు దగ్గర నీ అపాయింట్‌మెంట్ లెటరే రాజ్యాంగం. అందులో చివరి పేజీలో "కంపెనీ ఎప్పటికప్పుడు మార్చే నిబంధనలకు కట్టుబడి ఉంటాను" అని ఒక లైను ఉంటుంది, అందరం చదవకుండా సంతకం పెట్టేదే. యూనిఫాం, జడ, బొట్టు, గోళ్ల రంగు అన్నీ ఆ లైను కిందకే వస్తాయి.

కానీ నిబంధన వేరు, ఫ్లోర్ మేనేజర్ ఇష్టాయిష్టాలు వేరు. కాగితం మీద ఉంటే అందరికీ వర్తించాలి, నామాలకైనా సంతకానికైనా. అందుకే నోటితో వాదించకు, హెడ్డాఫీసు హెచ్ఆర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టు: చేరేనాటికే టాటూ ఉంది, ఇంటర్వ్యూలో చూశారు, ఇప్పుడు ప్లాస్టర్ వేసుకోమంటున్నారు, దద్దుర్లు వస్తున్నాయి, గ్రూమింగ్ రూల్ కాపీ ఇవ్వండి. ఇంతే. నామాల అబ్బాయి ఊసు ఎత్తకు, రేపట్నుంచి అతనికీ ప్లాస్టర్ వేస్తారు, నీకొచ్చేదేమీ ఉండదు. చర్మం డాక్టర్ దగ్గర చీటీ రాయించుకుని మెయిల్‌కి జతచెయ్యి.

తీసేయడం గురించి. ఏపీ షాపులు, సంస్థల చట్టం 1988లో 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు దాటి వరసగా పనిచేసినవాళ్లని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా పంపేయకూడదు. నీకు రెండేళ్లు. కాబట్టి నవ్వుతూ అన్నా ఏడుస్తూ అన్నా రేపట్నుంచి రావద్దంటే కుదరదు, లేబర్ ఆఫీసుకి వెళ్లొచ్చు. ఒక్క జాగ్రత్త, వాళ్లు రాయించే రాజీనామా మీద మాత్రం సంతకం పెట్టకు. మన దగ్గర తొంభై శాతం గొడవలు అక్కడే ఓడిపోతాం (శాతం నా అనుభవం లెక్క, ఎక్కడా అచ్చయింది కాదు).

అయినా షోరూం అమ్మాయిలు పని మధ్యలో కాసేపు కూర్చోవడానికే కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల చట్టం సవరించాల్సొచ్చింది. ఇక టాటూ దాకా చట్టం ఎప్పుడొస్తుందో నువ్వే ఊహించుకో.

మణుగూరు కుర్రాడు

అక్కా నీ పోస్టులో దూరుతున్నందుకు సారీ, నాదీ టాటూ గోలే. ఎస్‌ఎస్‌సీ జీడీ (కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష) రాశాను, ఫిజికల్ కూడా అయిపోయింది. ఇంటర్ చదివేటప్పుడు జాతరలో మెషిన్‌వాడి దగ్గర చేతి మీద మా హీరో పేరు వేయించుకున్నాను, యాభై రూపాయలకి. మెడికల్‌లో తీసేస్తారని కోచింగ్‌లో భయపెడుతున్నారు, ఇంకొకడేమో పేర్లకి పర్లేదు అంటాడు. ఏది నిజం?

సీఆర్పీఎఫ్‌లో 21 ఏళ్లు

తమ్ముడూ, ముందు కుడి చెయ్యా ఎడమ చెయ్యా అది చెప్పు. దాన్ని బట్టే మొత్తం కథ.

కేంద్ర బలగాల మెడికల్‌కి 2015 మేలో హోంశాఖ ఒకే రకం గైడ్‌లైన్స్ ఇచ్చింది, బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ అన్నిటికీ అవే. వాటి ప్రకారం దేవుడి గుర్తులు, బొమ్మలు, పేర్లు ఉండొచ్చు. కానీ చోటు ముఖ్యం. ముంజేతి లోపలివైపు, అదీ ఎడమ చెయ్యే, ఎందుకంటే కుడి చేత్తో సెల్యూట్ కొడతాం. లేదా అరచేతి వెనకభాగం. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. ఆర్మీలో రూలు కొంచెం వేరు, రెండు ముంజేతుల లోపలివైపు, చేతి వెనకవైపు ఒప్పుకుంటారు, మిగతా ఒంటి మీద ఎక్కడున్నా కుదరదు. ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉండే గిరిజనులకి మినహాయింపు ఉంది. రెండిటినీ కలిపేసి యూట్యూబ్‌లో చెప్తుంటారు, నువ్వు అప్లై చేసిన నోటిఫికేషన్ పీడీఎఫ్ తీసి మెడికల్ పేజీ నువ్వే చదువుకో.

మాసిపోయేలా పౌడరు రాసుకుని వెళ్లే తెలివితేటలు మాత్రం వద్దు. మెడికల్ బోర్డు ముందు చడ్డీ మీద నిలబెట్టి ట్యూబ్‌లైట్ కింద చూస్తారు, మా బ్యాచ్‌లో ఒకడు ఫౌండేషన్ రాసుకొస్తే డాక్టర్ దూది స్పిరిట్‌లో ముంచి తుడిచి వాడి చేతికే ఇచ్చాడు.

మణుగూరు కుర్రాడు

కుడి చెయ్యన్నా :( ముంజేతి పైవైపు.

సీఆర్పీఎఫ్‌లో 21 ఏళ్లు

అయితే ఇవాళే చర్మం డాక్టర్ దగ్గరికి పో. మెడికల్‌లో అన్‌ఫిట్ రాసినా రివ్యూ మెడికల్ ఉంటుంది. టాటూ ఒక్కటే కారణమైన కొన్ని కేసుల్లో ఢిల్లీ హైకోర్టు, తీయించుకుని మళ్లీ బోర్డు ముందుకి వెళ్లే అవకాశం కూడా ఇచ్చింది. కానీ కోర్టు దాకా పోయే డబ్బూ ఓపికా మన ఇళ్లలో ఎంతమందికుంటాయి, ముందే తీయించుకోవడం మేలు. మరీ హీరో పేరా రా, వాడికి నీ పేరు తెలుసా?

స్కిన్ క్లినిక్‌లో టెక్నీషియన్‌ని

రోజూ నేను చూసే పనే కాబట్టి చెప్తున్నా. లేజర్ అంటే రబ్బరుతో చెరిపినట్టు ఒక్కరోజులో పోదు. లేజర్ దెబ్బకి లోపలి సిరా చిన్న చిన్న ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని మన ఒళ్లే మెల్లగా తీసేస్తుంది. అందుకే ఒక సిట్టింగ్‌కీ ఇంకో సిట్టింగ్‌కీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపుతాం. నల్ల సిరా త్వరగా లొంగుతుంది, ఆకుపచ్చ, పసుపు మొండివి. ఐదారు సిట్టింగ్‌లు మామూలు, పదీ అవ్వొచ్చు. మన చామనచాయ చర్మానికి ఎక్కువ పవర్ పెడితే బొబ్బలెక్కి తెల్లమచ్చ పడుతుంది, అందుకే తొందరపడకూడదు. మణుగూరు తమ్ముడూ, మెడికల్ వచ్చే నెలలో ఉంటే పూర్తిగా పోవడం కష్టం, ఎంత మసకబారితే అంత. ఇంట్లో ఉప్పుతో రుద్దడం, యాసిడ్ పూయడం చేశావో, మచ్చ మిగులుతుంది, దానికి మళ్లీ మెడికల్‌లో వేరే ప్రశ్న. బెజవాడ అక్కకి ఒకటే మాట, ఆ దద్దుర్ల మీద మళ్లీ ప్లాస్టర్ వేయకండి. జిగురు పడనివాళ్లకి అలాగే వస్తుంది, తగ్గాక నల్లమచ్చ ఉండిపోతుంది.

దుబాయ్ నుంచి

మీ మేనేజర్ని సమర్థించడం లేదు గానీ ఇది వాళ్ల ఒక్కరి జబ్బు కాదండీ. ఎమిరేట్స్ క్యాబిన్ క్రూకి యూనిఫాంలో టాటూ కనపడకూడదు, మేకప్‌తోనో బ్యాండేజీతోనో కప్పుతాం అన్నా ఒప్పుకోరు, ఉద్యోగ ప్రకటనలోనే రాస్తారు. మా రూమ్మేట్ పాదం మీద చిన్న సీతాకోకచిలుక ఉండి ఆ ఆశ వదిలేసుకుంది. మరోపక్క ఎయిర్ న్యూజిలాండ్ 2019లో టాటూలు కనపడినా పర్లేదంది, అక్కడి మావోరీలకి ఒంటి మీద మోకో అంటే వంశం, ఊరు చెప్పే గుర్తు, దాన్ని దాచుకోమంటే వాళ్ల తాతల్ని దాచుకోమన్నట్టే. 2022లో వర్జిన్ అట్లాంటిక్ కూడా ముఖం, మెడ వదిలేసి మిగతా చోట్ల ఒప్పుకుంది. విమానాలేమీ కూలిపోలేదు.

ఆదిలాబాద్ మాస్టారు

మావోరీల దాకా ఎందుకు బాబూ. మా వైపు గోండు ఆడవాళ్లకి తోటి అనే తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడుస్తారు, తరాలుగా వాళ్ల పని అది. చచ్చాక వెంట వచ్చే నగ ఇదొక్కటే అని మా ఇంటి దగ్గర ముసలమ్మ అంటుండేది, బంగారం అయితే కొడుకులు ఒలిచేసుకుంటారట. మైదానంలో ఎరుకల ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని వచ్చి పొడిచేవాళ్లు, దీపం మసి ఆకుపసరులో నూరి, సూదులు కట్టగట్టి. మా అమ్మకి ముంజేతి మీద తులసికోట, గడ్డం మీద చుక్క. ఆ చేతులతోనే బంగారం షాపుకి వెళ్లి బేరమాడి తరుగు తగ్గించుకొచ్చేది, ఏ షాపువాడూ చెయ్యి దాచుకోమనలేదు. కొనేవాడి చేతికుంటే ఆచారం, అమ్మేవాడి చేతికుంటే అసహ్యమా అని నా సందేహం.

పద్నాలుగేళ్ల హెచ్ఆర్

మాస్టారూ, మాట బాగుంది గానీ ఇది మెయిల్‌లో రాస్తే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది 😀. ఇంకొకటి, మతం పేరు చెప్పినా ప్రతిచోటా నడవదు. గడ్డం పెంచుకున్నందుకు ఎయిర్‌ఫోర్స్ తీసేసిన ఒక ముస్లిం ఉద్యోగి సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2016 డిసెంబర్‌లో కోర్టు ఎయిర్‌ఫోర్స్ వైపే చెప్పింది. యూనిఫాం ఉన్నచోట ఒకలా, షాపులో ఒకలా ఉంటుంది. కాబట్టి సెంటిమెంట్ పక్కనపెట్టి దద్దుర్లు, డాక్టర్ చీటీ, రూల్ కాపీ, ఈ మూడే పట్టుకో చెల్లెమ్మా.

గాజుల కౌంటర్, బెజవాడ

మూడు వారాలైంది, చెప్పకపోతే బాగోదని వచ్చాను. అన్న చెప్పినట్టే మెయిల్ పెట్టాను, నామాల సంగతి ఎత్తలేదు. ఎనిమిది రోజులకి జవాబొచ్చింది. గ్రూమింగ్ రూల్స్‌లో ఆడవాళ్లకి జడ, బొట్టు, చీర పిన్ను ఎక్కడ పెట్టాలో సహా ఒకటిన్నర పేజీ ఉంది, టాటూ అనే మాటే లేదు. "బ్రాంచి స్థాయిలో నిర్ణయం తీసుకోవచ్చు" అని చివర ఒక ముక్క. డాక్టర్ చీటీ చూశాక ప్లాస్టర్ మాత్రం మాన్పించారు. లేజర్ మాట మళ్లీ రాలేదు.

కానీ నన్ను వెండి కౌంటర్‌కి మార్చారు. పట్టీలు, కుంకుమభరిణెలు, దీపపు కుందులు. చేతికి వేసుకుని చూపించే పని లేదు కదా అన్నారు. జీతం అదే, ఇన్సెంటివ్ మాత్రం బాగా తగ్గుతుంది, అక్షయ తృతీయకి గాజుల కౌంటర్‌లో నాకు వచ్చింది వెండి దగ్గర మూడు నెలలు నిలబడ్డా రాదు. దీని మీద మళ్లీ మెయిల్ పెట్టాలా, ఆగాలా?

పద్నాలుగేళ్ల హెచ్ఆర్

రెండు నెలలు ఆగు. రెండు కౌంటర్ల ఇన్సెంటివ్ స్లిప్పులూ దాచుకో. అప్పుడు లెక్కతో అడుగుదాం, "నేను కోరలేదు, మీరు మార్చారు" అని.

మణుగూరు కుర్రాడు

అక్కా, భరిణె మూత తీసి చూపించేటప్పుడు మణికట్టు కనపడదా మరి?

గాజుల కౌంటర్, బెజవాడ

కనపడుతుంది తమ్ముడూ, గాజుల దగ్గర కన్నా ఎక్కువే. మేనేజర్ గారికి ఇంకా తట్టలేదు, నువ్వు గట్టిగా అనకు. నీ లేజర్ ఎంతదాకా వచ్చింది?

మణుగూరు కుర్రాడు

ఒక సిట్టింగ్ అయింది. ఇంటిపేరు పోయింది, హీరో ఇంకా ఉన్నాడు.