సీరియళ్లలో ఆడపాత్రల్ని ఏ లెక్కన విడగొట్టాలి?

అందరికీ నమస్కారం. జర్నలిజంలో పీజీ చేస్తున్నాను. తెలుగు సీరియళ్లలో ఆడవాళ్లను చూపించే తీరు మీద ప్రాజెక్టు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చిన ‘కార్తీకదీపం’ తీసుకున్నాను.

చిక్కంతా అందులో హీరోయిన్ దీప దగ్గరే. నల్లగా ఉందని మాటలు పడుతుంది (ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌కి మేకప్‌తో రంగు తగ్గించారు, అదో విడ్డూరం). వంటలు చేసి సొంతంగా బతుకుతుంది, ఎవరి ముందూ చెయ్యి చాపదు. కానీ కథ మాత్రం ఏళ్ల తరబడి మొగుడి అనుమానం చుట్టూనే తిరిగింది. ఈవిణ్ని ‘స్వతంత్రురాలు’ గడిలో వెయ్యాలా, ‘ఓర్చుకునే ఇల్లాలు’ గడిలోనా? రెండింట్లోనూ వేస్తే మా గైడ్ ఒప్పుకోవట్లేదు. ఇక విలన్ మోనితేమో డాక్టరు. చదువూ సంపాదనా ఉన్నావిడే కాపురం కూల్చేది కావడం నాకైతే యాదృచ్ఛికం అనిపించట్లేదు, కానీ ఒక్క సీరియల్ చూసి అనేస్తే ఎలా?

ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి: పాత్రని మొత్తంగా లెక్కేశారా, సీను సీనుకీ విడిగానా? సీనుకి ఎవరు ఎంతసేపు మాట్లాడారో కొలవడం పనికొస్తుందా? పోల్చడానికి దూరదర్శన్ కాలం నాటి ‘ఋతురాగాలు’ ఎపిసోడ్లు ఎక్కడైనా వరసగా దొరుకుతాయా? హిందీ సీరియళ్ల మీద వ్యాసాలు ఉన్నాయి, నాకు తెలుగువి కావాలి.