కార్లోస్ రూయిజ్ 39 గోల్స్: గొప్ప రికార్డా, పసికూనల మీద ప్రతాపమా?

ఆఫ్‌సైడ్_గుంటూరు
2025 అక్టోబర్‌లో హంగరీ మీద రెండు గోల్స్ కొట్టి రొనాల్డో ప్రపంచకప్ క్వాలిఫయర్లలో మొత్తం 41 గోల్స్‌కి చేరాడు కదా. అతను అందుకునేదాకా క్వాలిఫయర్లలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ల పట్టికలో పైన ఉన్నది మెస్సీ కాదు, గ్వాటెమాలా స్ట్రైకర్ కార్లోస్ రూయిజ్. 47 మ్యాచ్‌ల్లో 39 గోల్స్. కానీ అతను ప్రపంచకప్‌లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు, ఎందుకంటే గ్వాటెమాలా ఎప్పుడూ అక్కడిదాకా వెళ్లలేదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. ఆ రికార్డు ఎలా వచ్చిందో చూడండి. 2016 సెప్టెంబర్ 6, గ్వాటెమాలా సిటీలో సెయింట్ విన్సెంట్‌తో మ్యాచ్. గ్వాటెమాలా ముందుకెళ్లే ఆశ అప్పటికే దాదాపు పోయింది. రూయిజ్‌కి దేశం తరఫున అదే ఆఖరి ఆట. స్కోరు 9-3, అందులో ఐదు గోల్స్ అతనివే. ఆ రోజు పొద్దున అతని ఖాతాలో 34, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ పేరున 35. అంటే రికార్డు మారింది దాదాపు ఫలితంతో పనిలేని మ్యాచ్‌లో, క్రికెట్‌లో వెస్టిండీస్‌లో భాగంగా మనకు తెలిసిన ఒక చిన్న దీవి మీద. దీన్ని గొప్ప అందామా?

కొత్తగా_వచ్చా
నేనైతే ఈ పేరే మొదటిసారి వింటున్నా. మన న్యూస్‌లో కూడా రొనాల్డో దాటాడు అన్నారే గానీ ఎవరిని దాటాడో సరిగ్గా చెప్పలేదు.

ఫ్రిస్కో_తెలుగోడు
అమెరికాలో అతని పేరు తెలియని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు. కొందరు మెచ్చుకుంటూ తలుచుకుంటారు, ఎక్కువమంది తిట్టుకుంటూ. ముద్దుపేరు ‘ఎల్ పెస్కాదీతో’, చిన్న చేప అని. 2002లో లాస్ ఏంజెలెస్ గెలాక్సీ క్లబ్‌కి వచ్చాడు, మొదటి సీజన్‌లోనే 24 గోల్స్, లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు). ఫైనల్ బోస్టన్ పక్కన ఫాక్స్‌బరోలో, ప్రత్యర్థి న్యూ ఇంగ్లండ్ సొంత స్టేడియంలో, 61 వేల పైచిలుకు జనం మధ్య. ఎక్స్‌ట్రా టైమ్‌లో మొదట గోల్ కొట్టినవాడిదే మ్యాచ్ అనే రోజులవి. కొట్టింది రూయిజే, 1-0. అంతకుముందు మూడు ఫైనల్స్ ఓడిన గెలాక్సీకి అదే మొదటి లీగ్ కప్పు. ఇక్కడ సెయింట్ విన్సెంట్ ఎక్కడుంది చెప్పండి?

తర్వాత మా డల్లాస్ టీమ్‌కి ఆడాడు. స్టేడియంలో చూశాను కాబట్టి చెబుతున్నా, భరించడం కష్టం. డిఫెండర్ గాలి తగిలినా పడిపోతాడు, లేచి రిఫరీతో పంచాయితీ పెడతాడు. పక్క సీట్లో గ్వాటెమాలా కుటుంబాలు వాళ్ల జెర్సీలు ఊపుతుంటే మాకు ఒళ్లు మండేది. కానీ పెనాల్టీ బాక్స్‌లో బంతి ఎక్కడ పడుతుందో అతనికి ముందే తెలిసినట్టు ఉండేది. పెద్ద వేగం లేదు, పెద్ద ఎత్తూ లేదు. డిఫెండర్ తల తిప్పిన ఆ అర సెకనే అతని ఆస్తి.

ఆఫ్‌సైడ్_గుంటూరు
అన్నా, క్లబ్ సంగతి వేరు. 2002 నాటి అమెరికా లీగ్ స్థాయి ఏంటో మీకే బాగా తెలుసు. తర్వాత పరాగ్వేలో ఒలింపియా, మెక్సికోలో ప్యూబ్లా, గ్రీసులో ఆరిస్ అంటూ తిరిగాడు. ఎక్కడా పాతుకోలేదు కదా.

స్కోర్‌బుక్
ఈ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి: గోల్స్ ఎవరి మీద కొట్టాడు, ప్రపంచకప్‌కి ఎందుకు వెళ్లలేదు. విడదీసి చూద్దాం.

పసికూనల మీద గోల్స్ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టికలో ఎవరికి లేవు? 2016లో అండోరా మీద రొనాల్డోకి నాలుగు. 2017లో ఫారో దీవుల మీద హ్యాట్రిక్. 2021లో లక్సెంబర్గ్ మీద ఇంకోటి. అండోరాకీ సెయింట్ విన్సెంట్‌కీ తేడా ఏంటంటే ఒకటి యూరప్‌లో ఉంది, అంతే. పైగా రొనాల్డోకి బంతి అందించింది ఎవరు, రూయిజ్‌కి అందించింది ఎవరు అన్నది కూడా చూడాలి. పోర్చుగల్ మిడ్‌ఫీల్డ్ చాంపియన్స్ లీగ్ ఆడేవాళ్లతో నిండి ఉంటుంది. గ్వాటెమాలా జట్టులో చాలామంది సొంత లీగ్ దాటి ఎరగరు.

ఇక అదే 2016లో మార్చి 25 మ్యాచ్ మీరు వదిలేశారు. అమెరికా గ్వాటెమాలా సిటీకి వచ్చి 2-0తో ఓడింది. రెండో గోల్ రూయిజ్‌ది, మొదటి పావుగంటలోనే. వయసు 36. ఆఖరి మ్యాచ్ ఐదు గోల్స్ చెప్పేటప్పుడు దీన్ని కూడా చెప్పాలి గురూ.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. గ్వాటెమాలా ప్రపంచకప్‌కి ఎంత దగ్గరగా వెళ్లిందో చాలామందికి తెలియదు. 2006 కప్పు కోసం 2005లో ఆరు జట్ల ఆఖరి రౌండ్. అమెరికా, మెక్సికో, కోస్టారికా మొదటి మూడు. నాలుగో జట్టుకి ప్లేఆఫ్. ట్రినిడాడ్ 13 పాయింట్లతో నాలుగు, గ్వాటెమాలా 11తో ఐదు. మార్చిలో సొంతగడ్డపై అదే ట్రినిడాడ్‌ని 5-1తో చితక్కొట్టారు, రూయిజ్ రెండు కొట్టాడు. సెప్టెంబర్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 2-1తో ముందున్నారు. ఇక ఐదారు నిమిషాలుందనగా ట్రినిడాడ్ ఆటగాడు స్టెర్న్ జాన్ వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టేశాడు, 3-2.

ఇప్పుడు లెక్క వేయండి. ఆ మ్యాచ్ డ్రా అయితే ట్రినిడాడ్ 11, గ్వాటెమాలా 12. గెలవక్కర్లేదు, డ్రా చాలు. మిగతా ఫలితాలు అలాగే ఉంటే బహ్రెయిన్‌తో ప్లేఆఫ్ ఆడేది గ్వాటెమాలా. ఆ ప్లేఆఫ్ గెలిచి ట్రినిడాడ్ జర్మనీలో జరిగిన ఆ ప్రపంచకప్‌కి వెళ్లింది. ఆఖరి ఐదు నిమిషాల్లో డిఫెన్స్ కూలిపోతే ఆ తప్పు స్ట్రైకర్ ఖాతాలో వేస్తామా?

లెఫ్ట్‌బ్యాక్_సికింద్రాబాద్
ఇదంతా చదువుతుంటే మన సునీల్ ఛెత్రీ మీద జరిగే గొడవే గుర్తొస్తోంది. 95 గోల్స్ అనగానే నేపాల్, మాల్దీవులు, శాఫ్ కప్పు (దక్షిణాసియా దేశాల టోర్నీ) అని మొదలుపెడతారు. కొట్టడం అంత సులువైతే మన జట్టులో ఇంకో పదిమందికి యాభై చొప్పున ఉండాలి కదా! అవే ప్రత్యర్థుల మీద, అవే మ్యాచ్‌ల్లో ఆడిన మిగతా ఫార్వర్డ్‌లు ఎన్ని కొట్టారు? గ్వాటెమాలాలోనూ అంతే. ఐదు ప్రపంచకప్‌ల క్వాలిఫయర్లలో ఆడి, దేశం తరఫున మొత్తం 133 మ్యాచ్‌ల్లో 68 గోల్స్ కొట్టాడు రూయిజ్.

భారత జట్టు పాత కోచ్ రహీమ్ సాబ్ ఊరివాణ్ణి కాబట్టి ఇంకో మాట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఆ జట్టుకీ ప్రపంచకప్ లేదు. అందుకని వాళ్లని చిన్నవాళ్లు అంటామా?

ఆఫ్‌సైడ్_గుంటూరు
రహీమ్ గారిని మధ్యలోకి తెస్తే నేనేం మాట్లాడను! అది వేరే కాలం, వేరే కథ. కానీ ఛెత్రీ పోలిక నా వైపే పనిచేస్తుంది. ఛెత్రీ గొప్ప ఆటగాడే, కానీ ‘మెస్సీ పక్కన ఛెత్రీ’ అని పోస్టర్ వేస్తే నాకు నవ్వొస్తుంది. రూయిజ్‌ని అమెరికాలో మంచి స్ట్రైకర్ అనండి, గ్వాటెమాలాకి దేవుడు అనండి, కాదనను. ప్రపంచ పట్టికలో పైన పేరు చూసి ప్రపంచస్థాయి అనకండి. మార్చి 25 మ్యాచ్ మాత్రం గట్టి పాయింటే. అలాంటివి ఇంకో నాలుగు చూపిస్తే మాట్లాడుకుందాం.

ఫ్రిస్కో_తెలుగోడు
ప్రపంచస్థాయి అని ఎవరన్నారు తమ్ముడూ? నువ్వే అని నువ్వే ఖండిస్తున్నావు.

స్కోర్‌బుక్
అదే. నేను అంటున్నది ఇంకోటి: ఆ జట్టుకి అతను ఉన్నాడు కాబట్టే 2005లో డ్రా దూరంలో ఆగింది, లేకపోతే ఆ రౌండ్‌దాకా వచ్చేది కాదు.

నమ్మకం లేకపోతే 2026 క్వాలిఫయర్లు చూడండి. అమెరికా, మెక్సికో, కెనడా ఆతిథ్య దేశాలు కాబట్టి క్వాలిఫయర్లలోనే లేవు. గ్వాటెమాలాకి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. గ్రూపులో పనామా, సురినామ్, ఎల్ సాల్వడార్. ఆఖరి రోజు సురినామ్‌ని 3-1తో ఓడించారు కూడా. అయినా పనామా నేరుగా వెళ్లింది, ఓడిన సురినామ్ ప్లేఆఫ్‌కి వెళ్లింది, గ్వాటెమాలా ఇంటికి. రూయిజ్ రిటైరై అప్పటికి తొమ్మిదేళ్లు.

కొత్తగా_వచ్చా
ఆ 2005 ట్రినిడాడ్ మ్యాచ్ వీడియో ఎవరి దగ్గరైనా ఉందా? ఆఖరి పది నిమిషాలు చాలు.