చర్చ: ఎన్‌సీసీలో కాగితం మ్యాపు, ప్రిజ్మాటిక్ దిక్సూచి ఇంకా ఎందుకు? ఒక్క డిగ్రీ లెక్క కోసం పిల్లల సమయం వృథా చేస్తున్నామా?

పటాల_పనివాడు (చర్చ ప్రారంభించినవారు)

ఎన్‌సీసీ ‘బి’, ‘సి’ సర్టిఫికెట్ పరీక్షల్లో మ్యాప్ రీడింగ్ ఇప్పటికీ ఉంది. నేను మూడేళ్లు క్యాడెట్‌గా ఉండి, ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి పటాలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటాను. పాఠంలో సగం కాలం నిజ ఉత్తరం (ధ్రువం వైపు), గ్రిడ్ ఉత్తరం (పటం మీది నిలువు గీతలు చూపే దిక్కు), అయస్కాంత ఉత్తరం (దిక్సూచి సూది చూపే దిక్కు) అనే మూడు ఉత్తరాల మధ్య కోణాలను కూడడానికీ తీసివేయడానికీ పోతుంది. మన తెలుగు ప్రాంతంలో అయస్కాంత దిక్పాతం (నిజ ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య కోణం) సుమారు ఒక డిగ్రీ, అదీ పడమరకు. ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరు నడకలో పక్కకు జరిగేది 17 మీటర్లు. చేత్తో పట్టుకున్న ప్రిజ్మాటిక్ దిక్సూచితో అంతకన్నా సూక్ష్మంగా చెట్ల మధ్య నడవగలిగిన క్యాడెట్‌ను నేను చూడలేదు. ఆ గంటలను జీపీఎస్, నావిక్ (జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ), డిజిటల్ పటాలు నేర్పడానికి వాడాలని నా వాదన. దీని మీద అందరి అభిప్రాయాలూ కావాలి.

మాజీ_సుబేదార్_ప్రకాశం

బాబూ, మీరు 17 మీటర్లను చాలా తేలిగ్గా తీసేశారు. రాత్రిపూట వంతెన కోసం వెతుకుతున్న గస్తీ జట్టుకు, వాగు ఒడ్డున చీకట్లో నిలబడినప్పుడు, 17 మీటర్లంటే వంతెన ఎడమన ఉందో కుడిన ఉందో తెలియని దూరం. అందుకే తెలిసినవాళ్లు వంతెనకు సూటిగా బేరింగ్ (ఉత్తరం నుంచి కొలిచే దిశ కోణం) పెట్టరు. కావాలనే ఒక పక్కకు పెట్టుకుంటారు, వాగు తగలగానే ఏ వైపు తిరగాలో అనుమానం ఉండదు. లెక్క తెలిసినవాడే ఆ పని చేయగలడు.

నా సర్వీసు తొలినాళ్ల నైట్ మార్చ్ ఒకటి చెబుతాను. రెండు కిలోమీటర్ల లెగ్, అంటే ఒకే దిశలో నడవాల్సిన ముక్క. దారి చూపే బాధ్యత నాది. 75 సెంటీమీటర్ల అడుగు లెక్కన వంద మీటర్లకు 133 అడుగులు రావాలి, కానీ చీకట్లో, గతుకుల నేల మీద అది 150 దాటుతుందని పగలే కొలిచి పెట్టుకున్నాను. ప్రతి వంద మీటర్లకూ జేబులోని తాడుకు ఒక ముడి వేసుకుంటూ పోయాను. దూరం సరిగ్గా వచ్చింది, చేరవలసిన బావి మాత్రం లేదు. మూడు వందల మీటర్లకు పైగా కుడికి పోయామని తెల్లవారాక తేలింది. కారణం ఏమిటంటే, నేను దిక్సూచి మూత తెరిచి, ఉంగరంలో బొటనవేలు దూర్చి, ప్రిజం కంటికి ఆనించి చూసిన ప్రతిసారీ, నా వెనక జవాను తన లైట్ మెషిన్ గన్‌తో నా భుజానికి ఆనుకుని నిలబడేవాడు. ఆ ఇనుము సూదిని పది డిగ్రీలు లాగింది. కంటికి కనిపించని తప్పును కనిపెట్టడం అలాంటి రాత్రుల్లో నేర్చుకోవాలి. ఫోన్‌లో నీలిచుక్క చూసేవాడికి ఆ అనుమానమే పుట్టదు.

ఇక ఉపగ్రహాల మాట. 2000 మే నెల వరకు అమెరికా తన జీపీఎస్ సంకేతాన్ని పౌరులకు కావాలనే వంద మీటర్ల దాకా చెడగొట్టి ఇచ్చింది. మన నావిక్ తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది, తెలుగువాళ్లుగా మనం గర్వపడ్డాం. దాని మూడు రుబిడియం గడియారాలూ ఆగిపోయాయి. బదులుగా 2017 ఆగస్టులో పంపినది ఉష్ణకవచం విడిపోక పనికిరాకుండా పోయింది. 2025 జనవరిలో పంపినది అనుకున్న కక్ష్యకు చేరలేదు. దిక్సూచి ఏ ప్రయోగం మీదా ఆధారపడదు.

తోపుల_దళం

ఒక డిగ్రీ చిన్నదని ఫిరంగి దళంలో అనకండి. 15 కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ తేడా అంటే 260 మీటర్లు. మేం వృత్తాన్ని 360 భాగాలు కాదు, 6400 మిల్స్ చేసుకున్నది అందుకే.

పటాల_పనివాడు

తోపుల దళం గారూ, ఎన్‌సీసీ క్యాడెట్ ఫిరంగి పేల్చడు. నేను అడిగింది పద్దెనిమిదేళ్ల డిగ్రీ విద్యార్థి గురించి.

సుబేదార్ గారూ, మీ కథ నా వాదననే బలపరుస్తోంది. మీ పది డిగ్రీలు తుపాకీ వల్ల వచ్చాయి, దిక్పాతం వల్ల కాదు. పరీక్షలో అడిగేది మాత్రం దిక్పాతమే. పైగా అసలు పెద్ద తప్పును ఆ పాఠం ముట్టుకోదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) ఎవరెస్ట్ డేటమ్ మీద, అంటే అక్షాంశ రేఖాంశాలకు ఆధారంగా భూమి ఆకారాన్ని లెక్కకట్టిన పాత పద్ధతి మీద గీసినవి. 2005 జాతీయ పటాల విధానం తర్వాత పౌరుల కోసం వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్-84 అనే కొత్త డేటమ్ మీద ఉన్నాయి, జీపీఎస్ కూడా దాని మీదే నడుస్తుంది. ఫోన్ చూపిన అక్షాంశ రేఖాంశాలను పాత షీటు మీద గుర్తిస్తే, హైదరాబాద్ పరిసరాల్లో మీ స్థానం వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. 1:50,000 స్కేలు మీద అది రెండు మిల్లీమీటర్ల పైమాటే. కిలోమీటరుకు 17 మీటర్ల కోసం గంటలు పెట్టి, దీని మీద ఒక్క వాక్యం చెప్పకపోవడం న్యాయమా?

మరొకటి. ఈ కొత్త షీట్లలో మన ప్రాంతంలో ఎక్కువ భాగానికి గ్రిడ్‌కు మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, అంటే ఏలూరు దగ్గరగా పోయే గీత. దానికి పడమరనున్న హైదరాబాద్‌లో గ్రిడ్ ఉత్తరం, అయస్కాంత ఉత్తరం రెండూ నిజ ఉత్తరానికి పడమర వైపే ఒరుగుతాయి, కాబట్టి వాటి మధ్య తేడా దాదాపు లేదు. విశాఖలో గ్రిడ్ తూర్పుకు, అయస్కాంతం పడమరకు పోతాయి, అందుకని అక్కడ తేడాలు కలుస్తాయి. ‘కలపాలా, తీయాలా’ అన్నదానికి ఊరిని బట్టి జవాబు మారుతుంది. నా ‘సి’ సర్టిఫికెట్ ప్రాక్టికల్‌లో నేను ఆ ఏటి దిక్పాతం తీసుకుని లెక్క చేస్తే, దశాబ్దాల కిందటి షీటు అంచున అచ్చయిన అంకెనే వాడాలని పరీక్షకుడు నా జవాబు కొట్టేశారు. ఏటేటా ఎంత మారుతుందో ఆ అంచునే రాసి ఉంటుంది, ఆయన దాన్ని చదవలేదు. నా గ్రేడు పోయింది.

మాజీ_సుబేదార్_ప్రకాశం

ఇప్పుడు విషయం అర్థమైంది. మార్కు పోయిందన్న బాధతో విద్యనే కొట్టేయమంటున్నారు. పరీక్షకుడు తప్పు చేస్తే పరీక్షకుడిని అనండి. వార్షిక మార్పును కలుపుకుని చూడాలని మేం ప్రతి బ్యాచ్‌కూ చెప్పాం.

నల్లమల_నడక

ట్రెక్కింగ్ చేసేవాడిగా ఒక మాట. నల్లమలలో రెండు గట్ల మధ్య ఇరుకు లోయలో దిగితే ఫోన్ చుక్క ఒకసారి వాగు ఈవల, మరోసారి ఆవల చూపించిన సందర్భాలు నాకున్నాయి. అయితే కాగితం కూడా అన్నీ చెప్పదు. కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు, కాబట్టి పదిహేను మీటర్ల నిట్టనిలువు బండ ఆ రెండు గీతల మధ్య దాక్కుని ఉండవచ్చు. మీ ఇద్దరూ ఉత్తరాల దగ్గరే ఆగిపోయారు. కాంటూరు చూసి కొండను ఊహించడం గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

పటాల_పనివాడు

నల్లమల గారి మాట నిజం, దానికి తర్వాత వస్తాను. ముందు సుబేదార్ గారికి జవాబివ్వాలి. మార్కు కోసం ఏడుస్తున్నానని అన్నారు కాబట్టి అసలు సంగతి చెబుతాను. మూడేళ్లలో నేను ప్రిజ్మాటిక్ దిక్సూచిని చేత్తో పట్టుకున్నది పరీక్ష రోజునే. తరగతిలో నల్లబల్ల మీద గీసిన దిక్సూచి బొమ్మకు భాగాల పేర్లు రాయించారు. షీటు అంటే జిరాక్సు కాగితం, అందులో గోధుమరంగు కాంటూరు, నీలిరంగు వాగు, ఎర్రరోడ్డు అన్నీ ఒకే నలుపు. ఏది గట్టో ఏది ఏరో ఆ కాగితం మీద మీరు చెప్పగలరా? మీరు చెప్పిన ముడుల తాడు, తుపాకీ, బావి మాకెవరూ చూపించలేదు. మాకు చూపించింది కూడిక, తీసివేత. నాకు కోపం దిక్సూచి మీద కాదు.

కళాశాల_ఏఎన్‌ఓ

నేను ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని, ఎన్‌సీసీ బాధ్యత కూడా నాదే. పటాల పనివాడు రాసింది బాధ కలిగించినా కాదనలేను. మా దగ్గర దిక్సూచులు ఆరు, వాటిలో రెండింటి ద్రవంలో గాలిబుడగ చేరి డయల్ సరిగా తిరగదు. పోతే సమాధానం చెప్పుకోవలసి వస్తుందని అవి పెట్టెలోనే ఉంటాయి. పది రోజుల క్యాంపులో డ్రిల్లు, ఫైరింగ్, వచ్చే అధికారుల కోసం ఏర్పాట్లు పోగా మ్యాప్ రీడింగ్‌కు మిగిలేవి నాలుగైదు పీరియడ్లు, అవి కూడా భోజనం తర్వాత.

శిరీష_సార్జంట్

సార్, నేను ఇప్పుడు క్యాడెట్‌ను. మా గ్రూపులో ఢిల్లీ థల్ సైనిక్ క్యాంపు పోటీకి మ్యాప్ రీడింగ్ జట్టు తయారవుతుంది. ఆ జట్టులో ఉన్నవాళ్లకు రంగుల షీట్లు, మంచి దిక్సూచులు, రోజూ మైదానంలో సాధన అన్నీ ఉన్నాయి. వాళ్లు ఆరంకెల గ్రిడ్ రిఫరెన్సు (పటం మీద ఒక చోటును తెలిపే అంకెలు) క్షణాల్లో చెబుతారు. మిగతా మేమంతా చెట్టుకింద కూర్చుని ‘తూర్పు ముందు, ఉత్తరం తర్వాత’ అని వల్లిస్తాం. నాకు ఆ విద్య ఇష్టం. జట్టులోకి ఎంపిక కాలేదు కాబట్టి నాకది రాదు.

మాజీ_సుబేదార్_ప్రకాశం

అమ్మా శిరీషా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. నేను కూడా నాలుగేళ్లు ఎన్‌సీసీలో ఉస్తాద్‌గా (శిక్షకుడిగా) చేశాను. నాలుగు వందల మంది, ఇద్దరు ఉస్తాద్‌లు. నాలుగు వందల మందికి పైపైన చెప్పడం కన్నా పదిమందిని గట్టిగా తయారుచేయడం మేలని నేను నిర్ణయించుకున్నాను, ఇప్పటికీ అది సరైనదేననుకుంటున్నాను. సైన్యంలోనూ ప్రతి జవానూ దారి చూపడు, సెక్షన్‌కు ఒకడు చూపుతాడు, మిగిలినవాళ్లు అతన్ని నమ్మి నడుస్తారు. కానీ ఆ ఒక్కడు తప్పితే అందరూ పోతారు, అందుకే వాడికి మూడు ఉత్తరాలూ ఎముకల్లో ఉండాలి. ఆ పదిమందిలో ముగ్గురు ఇవాళ అధికారులు. మిగతా మూడు వందల తొంభై మందికి నేను అన్యాయం చేశానని ఎవరైనా అంటే, నాకు ఇచ్చిన ఆరు దిక్సూచులను కూడా లెక్కలోకి తీసుకోమని అడుగుతాను.

పటాల_పనివాడు

ఇదీ మనకు నిజంగా పడని చోటు. ఇంతసేపూ నేను ఒక డిగ్రీ గురించి పోట్లాడాను, ఆ పోట్లాట అనవసరం. మీరు ఒక్కడిని తయారుచేసి మిగిలినవాళ్లను నమ్మమంటున్నారు. ఎన్‌సీసీ నుంచి సైన్యంలోకి వెళ్లేవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు వరదలప్పుడు పడవలు పంపే తహసీల్దార్లు అవుతారు, అడవిలో బీట్ ఆఫీసర్లు అవుతారు, కొండ ఊళ్లకు అంబులెన్సు తోలే డ్రైవర్లు అవుతారు. కాంటూరు చూసి నీరు ఎటు దిగుతుందో, మ్యాపును నేలకు సరిచేసి తామెక్కడ నిలబడ్డారో చెప్పగలగడం వాళ్లకూ కావాలి. అది నాలుగు వందల మందికీ అందకపోతే, ఆ పదిమంది పతకాలను నేను విజయంగా లెక్కించలేను.

మాజీ_సుబేదార్_ప్రకాశం

లెక్కించకపోతే మానండి. పతకం తెచ్చిన పిల్లలు మీ లెక్క కోసం పరుగెత్తలేదు.

కళాశాల_ఏఎన్‌ఓ

ఇద్దరూ కాస్త ఆగండి. వచ్చే ఆదివారం మా కళాశాల వెనక గుట్ట మీదికి యాభై మందిని తీసుకువెళుతున్నాను. పనిచేసే నాలుగు దిక్సూచులనూ బయటికి తీస్తున్నాను, పోతే సమాధానం నేనే చెప్పుకుంటాను. ఓపెన్ సిరీస్ షీటును రంగుల్లో అచ్చు వేయించాను. మా శిరీష కూడా వస్తుంది.

శిరీష_సార్జంట్ (తర్వాతి సోమవారం)

సార్, నిన్న మొదటిసారి రిసెక్షన్ (కనిపించే గుర్తుల బేరింగులతో పటం మీద మన చోటు కనుక్కోవడం) చేశాను. గుట్ట మీద నిలబడి ఊరి మంచినీళ్ల ట్యాంకుకు ఒక బేరింగ్, గుడి గోపురానికి ఒక బేరింగ్ తీసుకున్నాను. రెండింటికీ 180 కలిపి బ్యాక్ బేరింగ్ (ఎదురు దిశ కోణం) తీసి షీటు మీద గీతలు గీశాను. అవి కలిసిన చోటు గుట్ట మీద లేదు, తూర్పున మూడు వందల మీటర్ల దూరంలో చెరువు మధ్యలో పడింది. మూడుసార్లు గీసినా అంతే. నా పక్కవాళ్లకు సరిగ్గా వచ్చింది. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

మాజీ_సుబేదార్_ప్రకాశం

ఎక్కడ నిలబడ్డావమ్మా? పైన హైటెన్షన్ తీగలున్నాయా? ఉంటే కనీసం అరవై మీటర్లు పక్కకు జరిగి మళ్లీ చూడు. సెల్‌ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని దిక్సూచి ఎత్తావా? మూడో గుర్తు కూడా తీసుకో. రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలిసి తీరతాయి, తప్పు ఉన్న సంగతి చెప్పేది మూడో గీతే. ఆ మూడూ కలిసి చేసే త్రిభుజం ఎంత పెద్దదో నాకు రాయి.

పటాల_పనివాడు

ట్యాంకు ఎప్పుడు కట్టారో కూడా కనుక్కో శిరీషా. షీటు సర్వే చేసిన సంవత్సరం అంచున ఉంటుంది. ట్యాంకు ఆ తర్వాత కట్టినదైతే, షీటు మీద నువ్వు గుర్తించింది పాత ట్యాంకు.

శిరీష_సార్జంట్

ఫోన్ చొక్కా జేబులోనే ఉంది సార్. ట్యాంకులు కూడా ఊళ్లో రెండున్నాయి. వచ్చే ఆదివారం రెండూ విడివిడిగా చూసి రాస్తాను.