బీర, కాకర, బొప్పాయి నారుకు పీచు కుండీలా, పాలిథిన్ సంచులా?

టంగుటూరు పెరటి రైతు:
పాలిథిన్ సంచి చింపేటప్పుడు మట్టి గడ్డ విరిగి వేర్లు తెగుతున్నాయి. కొబ్బరి పీచు కుండీలైతే మొక్కతో పాటే పాతేయొచ్చు, భూమిలో కలిసిపోతాయి అంటున్నారు. నిజంగా కలుస్తాయా? బీర, కాకర, బొప్పాయి పెట్టాలని ఉంది.

పొదలకూరు రైతు:
కలవవు అన్నా. ఎండాకాలం మా ఎర్రనేలలో నాటిన బొప్పాయి మొక్క వాడిపోతే తవ్వి చూశాం. కుండీ కుండీలాగే ఉంది, వేర్లు లోపలే చుట్టలు చుట్టుకున్నాయి. అట్ట కుండీలకైతే చెదలు పడతాయి. ప్లాస్టిక్ తగ్గాలని నాకూ ఉంది, కానీ ముందు మొక్క బతకాలి కదా. ముందురోజు నీళ్లు పెట్టి, సంచిని బ్లేడుతో పక్కగా కోసి దింపండి, గడ్డ విరగదు.

నెల్లూరు మిద్దెతోట:
మీరు చూసింది నిజమే, కానీ తప్పు కుండీది కాదు. పీచు కుళ్లాలంటే తడి ఉండాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు నాటితే కుండీ మెత్తబడుతుంది, మేలో నాటితే చెక్కలా బిగుసుకుపోతుంది.

చాలామంది పట్టించుకోనిది అంచు. అది మట్టిపైన కొంచెం కనిపించినా లోపలి తడిని పైకి లాగి గాలికి వదిలేస్తుంది. నాటేముందు కుండీని నీళ్లలో బాగా నానబెట్టి, అడుగు చింపి, అంచు తుంచేయాలి. లేదంటే అంచును మట్టిలో పూర్తిగా కప్పేయాలి.

మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకా జాగ్రత్త. కుండీ గోడల్లోంచి నీరు ఆవిరై ఉప్పు అంచున తెల్లగా పేరుకుంటుంది, లేత ఆకుల కొసలు మాడతాయి. నారు ఎదిగేదాకా మంచినీళ్లే పోయండి.

పొదలకూరు రైతు:
పెరట్లో పది మొక్కలకు సరే. ఎకరా బొప్పాయికి వెయ్యికి పైగా మొక్కలు పడతాయి. ఒక్కో కుండీ నానబెట్టి, చింపి, తుంచి నాటే కూలీలు ఎక్కడ దొరుకుతారు?

నెల్లూరు మిద్దెతోట:
ఎకరాల లెక్కలో మీ మాటే సరి. మిరప, వంగ, టమాటాకూ ఈ కుండీలు దండగే. చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేలో (ప్రోట్రే) కొబ్బరి పొట్టుతో (కోకోపీట్) పెంచితే వేర్లు అల్లుకుని బిళ్ల మొత్తం చెక్కుచెదరకుండా వస్తుంది, ట్రే మళ్లీ పనికొస్తుంది. వేరు కదిలితే ఓర్చుకోలేనివి బీర, సొర, కాకర. వాటికి కుండీ కావాలి, కానీ కొనక్కర్లేదు. పాత పేపరును గ్లాసుకు చుట్టి, అడుగు మడిచి, గ్లాసు లాగేస్తే కప్పు తయారు. రెండు మూడు ఆకులు వేయగానే కప్పుతోనే నాటేయండి.

టంగుటూరు పెరటి రైతు:
బొప్పాయి కూడా పేపర్ కప్పులోనేనా?

నెల్లూరు మిద్దెతోట:
వద్దు. బొప్పాయి నారు నెలన్నరకు పైగా ఉండాలి, అప్పటికి పేపరు చేతిలోనే విడిపోతుంది. దానికి పొదలకూరు అన్న చెప్పినట్టు సంచే వాడండి. బీర, కాకర కప్పులకు పేపరు రెండు మూడు పొరలు చుట్టండి. నున్నగా మెరిసే రంగుల కాగితం మాత్రం వద్దు, అది త్వరగా నానదు.