‘ఓట లేక’ అంటే భయం లేకనా, జంకు లేకనా?

డాలస్ నుంచి:
టెరీ ప్రాచెట్ 2003లో రాసిన ‘ది వీ ఫ్రీ మెన్’ నవలను మా పాప కోసం తెలుగు చేస్తున్నాను. తొమ్మిదేళ్ల టిఫనీ సుద్దకొండల్లో గొర్రెలు కాసే ఇంటి పిల్ల. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రాణి మీదికి ఇనుప పెనం పట్టుకుని మంచులోకంలోకి వెళ్తుంది. చివరికి రాణి ముందు ఒంటరిగా నిలబడుతుంది. ఆ ఘట్టానికి వచ్చినప్పటి నుంచి పెద్దన ‘మనుచరిత్ర’లో దారి తప్పిన ప్రవరుడు అప్సరస వరూధినిని అడిగే పద్యం బుర్రలో తిరుగుతోంది: ‘ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటి జరించె దోట లే...’ ఆ తర్వాత జారిపోయింది. చిన్నప్పుడు ఆ ‘దోట’ను తోట అనుకున్నాను. అదేమిటో చెప్పండి. ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం: ఆ పిల్ల నేర్చుకునే విద్యకు, ఆమెకు (ఇంగ్లీషులో ‘విచ్’) ఏ పేరు పెట్టాలి? ‘మంత్రగత్తె’ రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

తెనాలి నుంచి:
అమ్మా, దోట అనే మాటే అక్కడ లేదు. చరించెదు, ఓట లేక, ఈ వనభూమి. ‘ఒంటిన్’లోని ద్రుతం, అంటే చివరి నకారం, వల్ల చకారం జకారమైంది. మొదటి పాదం ‘లే’ దగ్గర తెగి, రెండోది ‘కివ్వనభూమి భూసురుఁడ నే ప్రవరాఖ్యుఁడ ద్రోవ తప్పితిన్’ అని అందుకుంటుంది. మీకు జారింది సరిగ్గా ఆ తెగిన చోటే. ఓట అంటే భయం. మరో అర్థం వెతకనక్కర్లేదు.

కర్నూలు నుంచి:
మాస్టారూ, వెతకాలండి. అదే పాదంలో ‘భీతహరిణేక్షణ’ అన్నాడు. బెదిరిన లేడి కళ్లదానా అని పిలిచి, వెంటనే భయం లేకుండా తిరుగుతున్నావే అంటాడా పెద్దన? కళ్లలో బెదురుంది, అడుగులో జంకు లేదు. ఓట అంటే వెనుకాడటం. ఓడు, ఓటమి, ఓట అన్నీ ఒకే మొలక అని నా నమ్మకం. డాలస్ వారికి పనికొచ్చేదీ ఈ అర్థమే. ఏట్లోంచి పచ్చపళ్ల జెన్నీ అనే నీటి రాకాసి లేచినప్పుడు టిఫనీ తమ్ముణ్ణి పక్కకు లాగి ఇంటికెళ్తుంది. కథల పుస్తకంలో దాని కళ్లు సూపు పళ్లెమంత అని ఉంటే, పళ్లెం తీసి కొలుస్తుంది. ఎనిమిది అంగుళాలు! అప్పుడు మిఠాయిల సంచీ, పెనం తీసుకుని, ఆ తమ్ముణ్ణే ఎరగా కూర్చోబెట్టి కాపు కాస్తుంది. భయం లేని పిల్లయితే పళ్లెం కొలవాల్సిన పనేముంది?

తెనాలి నుంచి:
‘భీత’ లేడికి విశేషణం, వరూధినికి కాదు. బెదిరిన లేడి చూపు ఎంత చంచలంగా ఉంటుందో అంత అందమైన చూపు అని. ఉపమానంలోని భయాన్ని ఉపమేయం నెత్తిన రుద్దకండి.

వరంగల్ నుంచి:
అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. చెలికాడు, చెలికత్తె, అందగాడు, అందగత్తె.  అలాగే మంత్రగాడికి జోడు మంత్రగత్తె. ‘మంత్రకత్తె’ అనేవారూ ఉన్నారు, తప్పనను. కానీ మాట వ్యాకరణానికి సరిపోయినా ఊరి నోట్లో అది నింద. బాణామతి అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మా వైపు చదివినవాళ్లం. ఆ నవలలోనూ అదే కదా: దొరగారి కొడుకు కనిపించకపోతే, పళ్లు లేని ఒంటరి ముసలమ్మ మీద నేరం మోపి, ఇల్లు తగలబెట్టి, మంచులో చావుకు వదిలేస్తారు. అలాంటిది మళ్లీ జరగకూడదనే టిఫనీ ఆ విద్యకు పూనుకుంటుంది. అందుకే మంత్రగత్తె అనే రాయండి. నింద అంటకపోతే ఆ పిల్ల మొండితనం పాఠకుడికి తెలియదు.

అనంతపురం నుంచి:
ఎరుకలసాని అంటే? ఎరుక అంటే తెలివిడి. శ్రీనివాసుడంతటివాడు ఆ వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి సోదె చెప్పడానికి వెళ్లాడు.

వరంగల్ నుంచి:
మాట అందమైనదే. కానీ అది బతికున్న ఒక తెగ పేరు. సుద్దకొండల పిల్లకు దాన్ని తగిలించడం నాకు నచ్చదు. ఆ నవలలోని నీలిరంగు జానెడు మనుషులు టిఫనీని ‘హ్యాగ్’ అంటారు. బయటివాళ్లకు తిట్టు, వాళ్లకు మర్యాద. అక్కడ మాత్రం ‘అవ్వ’ పెట్టి చూడండి. తొమ్మిదేళ్ల పిల్లను ‘బుల్లి పెద్దవ్వా’ అని పిలిస్తే మీ పాప నవ్వుతుంది.

విశాఖ నుంచి:
అందరూ టిఫనీని వరూధిని స్థానంలో నిలబెట్టారు. తిరగేయండి. దారి తెలియని పరాయి చోటికి వచ్చి, ఇల్లు చేరాలని తపించేవాడు ప్రవరుడు. వచ్చినవాణ్ణి ఉంచేసుకోవాలనుకునేది వరూధిని. మంచులోకపు రాణి పిల్లల్ని అలాగే పట్టి ఉంచుకుంటుంది. టిఫనీ ప్రవరుడి వైపు మనిషి. అతణ్ణి అక్కడికి చేర్చిన మహిమగల పాదలేపం మంచుకు కరిగిపోయింది, ఈమె పెనం ఇనుము గనుక కరగలేదు.

ఇక వరూధిని జవాబు: ‘ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు భూసురేంద్ర!’ ఆ నవలలో ‘ఫస్ట్ సైట్’ అంటారే, ఉండాలనుకున్నది కాక ఉన్నది చూడగలగడం, దానికి తెలుగు ఈ పాదంలోనే దొరుకుతుంది. ‘తొలిచూపు’ అన్నారో, పెళ్లిచూపులే గుర్తొస్తాయి. ‘ఉన్నచూపు’ అని నా ప్రతిపాదన.

డాలస్ నుంచి:
‘ఉన్నచూపు’ తీసుకుంటున్నాను. ‘బుల్లి పెద్దవ్వా’ అని చదివితే మా పాప పక్క మీద దొర్లి నవ్వింది. మంత్రగత్తె దగ్గర ఇంకా ఆగే ఉన్నాను.

తెనాలి నుంచి:
విశాఖ వారి తిరగవేత బాగుంది. అయినా ఓట సంగతి తేలలేదు. వెనుకాడటం అనే అర్థంలో, భయం అని చెప్పుకోవడానికి ఏమాత్రం వీలులేని ప్రయోగం మరో ప్రబంధంలో ఒక్కటి చూపండి, ఒప్పుకుంటాను.

కర్నూలు నుంచి:
రేపు ఉదయానికి చూపిస్తాను. వసుచరిత్ర, ఆముక్తమాల్యద రెండూ బల్ల మీద పెట్టుకున్నాను.